సర్దే మీట

నేను తాడుని చూసి పామనుకునే రకం. మాది అంబాజీపేట. కొబ్బరికాయనైనా చెవి దగ్గర ఆడించి చూడందే కొట్టను.

ఎనభైల చివర్లో అమలాపురంలో ఒక బట్టలకొట్టు మేడ మీద కంప్యూటర్ సెంటర్ తెరిచారు. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. ఉన్నది ఒక్క కంప్యూటర్, నేర్పేవాళ్లం ఇద్దరం. పొద్దుట నా వంతు. మధ్యాహ్నం నుంచి ఇంకొకతనిది. వేదం చెప్పుకునే ఇంటివాడు, నా ఈడువాడే. కాలేజీ ప్రిన్సిపాల్ గారు వచ్చి మా ఇద్దరి ప్రోగ్రాములూ చూస్తారనీ, ఆయనకి నచ్చిన ఒక్కర్నే ఉంచుకుంటాననీ మాస్టారు ముందే చెప్పేశారు. మా నాన్నగారైతే ఇంకా సూటిగా చెప్పారు.

"ఖాయం చేస్తే వెళ్లు. లేపోతే రేపట్నుంచి నువ్వు బస్సెక్కక్కర్లేదు."

అప్పట్లో బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రతి వరుసకీ ముందు ఒక నెంబరు వేయాలి. అతను పది, ఇరవై, ముప్ఫై అని వేసేవాడు. నేను వందతో మొదలెట్టి ఐదేసి చొప్పున పెంచేదాన్ని. నెంబర్లు చూస్తే చాలు, ప్రోగ్రాం ఎవరిదో తెలిసిపోయేది. మధ్యలో వరుసలు ఇరికించేసరికి ఈ నెంబర్లు చిందరవందర అయ్యేవి. మళ్లీ వరసగా సర్దడానికి రీనమ్ అనే ఆజ్ఞ ఉంది. దాన్ని ప్రతిసారీ టైపు చేయక్కర్లేకుండా అతను ఎఫ్ ఎయిట్ మీటకి కట్టేశాడు. మెషిన్ తెరవగానే నడిచే చిన్న ప్రోగ్రాంలో ఒక్క వరుస రాశాడు, అంతే. మీట నొక్కగానే అంతా పది, ఇరవై, ముప్ఫై. మాస్టారు ముచ్చటపడిపోయారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో, పరీక్ష మార్కుల్ని బట్టి ర్యాంకులు వేసే నా ప్రోగ్రాం తెరిస్తే అది కూడా పది, ఇరవై, ముప్ఫై! నేను మళ్లీ నా లెక్కలోకి మార్చుకున్నాను. మర్నాటికి మళ్లీ అదే తంతు. ఎవరో తెరిచి, సర్ది, దాస్తున్నారు. ఆ మీట పెట్టింది ఎవరు? ఇంకెవరిని అనుమానించాలి?

"నా ప్రోగ్రాం మీరేమన్నా చూసేరా?" అని అడిగాను.

"అబ్బే, లేదండీ. నాకెందుకండీ? మీది మీదేనండీ," అని నవ్వాడు.

తప్పు చేసినవాడికే అండీలు ఎక్కువ అనుకున్నాను. మా గోదావరి జిల్లాలో అందరికీ అండీలు ఎక్కువేనని ఆ క్షణాన గుర్తు రాలేదు.

ప్రిన్సిపాల్ గారు వచ్చే రోజు పొద్దుట, నా వంతు అయిపోయే ముందు, ఆ చిన్న ప్రోగ్రాంలో రీనమ్ తీసేసి న్యూ అని పెట్టాను. న్యూ అంటే తెర మీదున్న ప్రోగ్రాం మొత్తం తుడిచేయమని. మళ్లీ అడగదు, ఆగదు. మీటల పేర్లు తెర అడుగున కనిపిస్తాయి కదా, వాటినీ దాచేశాను. నా ప్రోగ్రాం ఇంకో ఫ్లాపీలో భద్రంగా నా సంచీలో ఉంది. నాది తెరిచి ఎఫ్ ఎయిట్ నొక్కుతాడు, అంతా మాయమవుతుంది, కంగారుపడతాడు, ఇంటికెళ్లకుండా అక్కడే కూచుని పట్టేసుకుంటాను. ఇదీ నా ఎత్తు. తన ప్రోగ్రాం మీద కూడా నొక్కుతాడు కదా అని తోచలేదా అంటే, ఏమో. తోచే ఉంటుంది.

అతను నా ప్రోగ్రాం ముట్టుకోలేదు. పుట్టిన తేదీ ఇస్తే తిథీ నక్షత్రం చెప్పే తన ప్రోగ్రాంని ఆఖరి నిమిషంలో పాతది చెరిపేసి మొదట్నుంచీ తిరగరాస్తూ, భోజనానికి కూడా లేవకుండా నాలుగింటి దాకా టైపు చేశాడు. ముందు సర్దడం, ఆ తర్వాతే ఫ్లాపీలో దాచడం అతని అలవాటు. బట్టలు మడతపెట్టకుండా బీరువాలో పెట్టని మనిషి. మెట్ల మీద ప్రిన్సిపాల్ గారి చెప్పుల చప్పుడు వినబడుతుండగా ఎఫ్ ఎయిట్ నొక్కాడు.

తెర మీద ఓకే అన్న మాట తప్ప ఏమీ మిగల్లేదు.

నా ర్యాంకుల ప్రోగ్రాం చూసి ప్రిన్సిపాల్ గారు తలాడించి వెళ్లిపోయారు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఎంత పనైపోయిందయ్యా! నేను రోజూ పొద్దున్నే వచ్చి కుర్చీలు సర్దినట్టు మీ ఇద్దరి ప్రోగ్రాములూ ఆ మీటతోనే సర్దుతున్నాను. ఒక్కనాడూ ఇలా అవ్వలేదే!"

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నా సంగతి అంతకన్నా అన్యాయం. సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ కిందికి దిగాక రీనమ్ మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను.

నాకు ఉద్యోగం ఖాయమైంది. వారం తర్వాత అతను తన పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చి, నన్ను అభినందించి, గుమ్మంలో ఆగాడు.

"రోజూ నొక్కే మీటేనండీ. ఆ రోజు కంగారులో ఇంకేదో నొక్కేసుంటాను. ఇప్పుడు ఏం టైపు చేసినా నా వేళ్ల మీద నాకే నమ్మకం లేకుండా పోయిందండీ."

మీరు సరైన మీటే నొక్కారు అని ఒక్క మాట అంటే చాలు. అతను మెట్లన్నీ దిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అనలేదు.