చేతుల మేడం

గోదావరిఖనిలో ఆమెను అందరూ చేతుల మేడం అంటారు. పేరు రాజకుమారి. బొగ్గుబాయిలో దెబ్బ తగిలినవాళ్లకు మళ్లీ గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పే థెరపిస్టు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంటుంది, గాజులు తీసి డ్రాయర్లో పెడుతుంది, అరచేతులు రుద్ది వెచ్చ చేసుకుంటుంది. ఇంతా చేసి "పట్టుకోనా?" అని అడగనిదే ఎవరి చేతినీ ముట్టదు. ఇక రోగికి అబద్ధం చెప్పడమన్నది ఆమెకు తెలియదు. నొప్పి పుట్టేదుంటే పుడుతుందనే చెబుతుంది.

సకలజనుల సమ్మెకు ముందటి ఎండాకాలంలో పోశం కాక వచ్చాడు. బొగ్గుపెళ్ల పడి ఎడమచెయ్యి మణికట్టు దాకా పోయింది. లేని ఆ చెయ్యి ఇంకా పిడికిలి బిగించుకునే ఉందనీ, గోళ్లు గుచ్చుకుంటున్నాయనీ అనేవాడు. "పట్టుకోనా కాకా?" అంది రాజకుమారి. "నన్నెందుకడుగుతవు బిడ్డా? దాన్నడుగు," అన్నాడు. ఆమె నవ్వలేదు. మణికట్టు ముందున్న ఖాళీ వైపు వంగి అడిగింది. కాక చెవి ఒగ్గి విని, "వద్దంటాంది," అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని రిజిస్టర్లో 'ఈరోజు ఒప్పుకోలేదు' అని రాసింది. మూడు రోజులు అదే రాసింది. నాలుగో రోజు మధ్యాహ్నం టేబుల్ మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టి అడిగింది. కాక కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆమె అరచెయ్యి చల్లబడింది. ఆమె నాలుగు వేళ్లూ ఒకదానికొకటి నొక్కుకుపోయి, కొసలు తెల్లబడ్డాయి.

"పట్టుకున్నదా బిడ్డా?" అన్నాడు కాక, తల తిప్పకుండానే.

ఈసారి ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పట్టుకున్నది కాకా."