చీకటిగదికి నీళ్లు పోసే ఆవిడ

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. రెండు కాలేజీల వాళ్లం పలాస దగ్గర శిక్షణకి చేరాం. వెలుగు లేక ఆహారం తయారుచేసుకోలేని జీడిమొక్క ఏమవుతుందో చూడటం మా పని. కుండీలున్న చీకటిగదిలో తడుముకుంటూ నీళ్లు పోసేది అక్కడ పనిచేసే ఒకావిడే. లోపలికి వెళ్లేముందు తలుపు కొట్టి, చెవి ఒగ్గి నిలబడేది. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు తలుపు దగ్గరే బకెట్ దించి, "మూడోది పలకనేదు బాబూ" అంది.

ప్రయోగం గడువు ముగిసిననాడు గది తెరిచి చూస్తే మూడో కుండీలో మొక్క ఒక్కటే చచ్చిపోయి ఉంది. మట్టి మాత్రం తడిగానే ఉంది.

శిక్షణ ముగిసి కుండీలన్నీ వ్యాను ఎక్కించాక, ఖాళీ గదికి తాళం వేయబోయాను. ఎందుకో నా చెయ్యి తలుపు కొట్టింది.

"అప్పుడే ఎల్లిపోకండి బాబూ," అంది ఆవిడ నా వెనకనించి. "పలకనియ్యండి."