నాలుగు మూలల పసుపు

ఆచార్య తవిటినాయుడు గారు దివంగతులయ్యారన్న వార్త నాకు వాట్సాప్‌లో వచ్చింది. మా విశ్వవిద్యాలయ ఉద్యోగుల గ్రూపులో, ఎవరిదో పుట్టినరోజు కేకు కింద, జోడించిన చేతుల బొమ్మతో. అప్పుడు ఆటోలో ఉన్నాను. చదివిందే మళ్ళీ చదువుతూ దిగవలసిన ఆర్టీసీ కాంప్లెక్సు దాటిపోయాను. మొన్న గురువారమే ఫోన్లో "మోకాళ్ళు నొప్పి పైడమ్మా, మరేటీ లేదు" అన్న మనిషి! ఆదివారం పొద్దున్న గరివిడిలో తన ఇంటి అరుగు మీద పేపరు చదువుతూ ఒరిగిపోయారట.

సంస్మరణలు రాయడం నాకు కొత్త కాదు. పదిహేనేళ్ళుగా ఇక్కడి సన్మానపత్రాలూ సంతాప తీర్మానాలూ రాసింది నేనే. విద్వద్వరేణ్యులు, సౌజన్యమూర్తులు, శిష్యవత్సలులు అంటూ ఈ మాటలన్నీ అడ్డమైన వాళ్ళకీ పంచిపెట్టి అలిసిపోయాను. తీరా అర్హుడైన మహనీయుడు పోయేసరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. పైగా ఆయన బతికుండగా నలుగురిలో నేను చెప్పవలసిన మాట ఒకటి చెప్పలేదు.

మాస్టారు జంతుశాస్త్ర ఆచార్యులు. సముద్రజీవుల మీద ఆయన పరిశోధన. దానికి తోడు విదేశీ సహకార విభాగానికి డైరెక్టరు. విభాగమంటే ఒక గది, ఒక అల్మరా, ఆయన, సూపరింటెండెంటుగా నేను. ఏ దేశం నుంచి ఎవరొచ్చినా ఒప్పందం మీద సంతకాలు, శాలువా, ఫోటో, మర్నాడు జిల్లా పేజీలో వార్త. ఆ మీదట కాగితం అల్మరాలోకి పోయేది. అందరూ మరిచిపోయేవారు, మాస్టారు తప్ప. ప్రతి సోమవారం ఆ ఒప్పందాల్లో ఒకదాన్ని తీసి అవతలివాళ్ళకి ఉత్తరం రాసేవారు, మా విద్యార్థుల్లో ఒక్కరినైనా మీ ప్రయోగశాలకి పిలవండి అని. జవాబులు వచ్చేవి కావు. ఎందుకండీ ఈ వృథా ప్రయాస అని నేను విసుక్కుంటే, "వాన రాలేదని దున్నడం మానెత్తామేటి? నాగలికి తుప్పట్టకుండా సూసుకోవాల" అనేవారు. పొలం పనుల్లో పెరిగిన మనిషి, ఆ ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఓసారి ఒక విదేశీ ఆచార్యుడు మాస్టారి పేరుకి అర్థం అడిగాడు. మరొకరైతే ఏదో దేవుడి పేరని తప్పించుకుందురు. ఈయన ఉన్నదున్నట్టు చెప్పారు. తనకి ముందు ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోతే, ఈ బిడ్డయినా దక్కాలని తల్లి తనని చేటలో పెట్టి పక్కింటివాళ్ళకి ఇచ్చేసిందనీ, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందనీ చెప్పారు. ఆ దొర లేచి వచ్చి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

ఆ దొర వల్లనే, హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, నార్వేలోని వాళ్ళ విశ్వవిద్యాలయం నుంచి జవాబు వచ్చింది. మన విద్యార్థి ఒకరు ఆరు నెలలు వాళ్ళ ప్రయోగశాలలో పనిచెయ్యవచ్చు. ప్రారంభానికి డైరెక్టరు కూడా రావాలి. మాస్టారు ఏనాడో తీయించుకున్న పాస్‌పోర్టు అప్పటికి ఒక్కసారీ వాడలేదు.

ఎంపికైన పిల్ల ఎర్రమ్మ. కళింగపట్నం దగ్గరి పల్లె. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. వలల్లో చేపలకి బదులు జెల్లీఫిష్ ఎందుకు పడుతోందన్నది ఎర్రమ్మ పరిశోధన. వాళ్ళమ్మ ఓ రోజు గంప మా గది గుమ్మం పక్కన దించి లోపలికొచ్చింది. "బాబూ, ఆ దేశంలో మా గుంటకి దిక్కెవులు?" అని కూతురి గురించి నిలదీసింది. "అక్కడా సముద్రమే కదప్పా. సముద్రం మీద బతికినోలు మన గుంటని ఒగ్గేత్తారేటి?" అన్నారు మాస్టారు.

ఇక నా నిర్వాకం. మా ఇళ్ళలో శుభలేఖైనా దస్తావేజైనా నాలుగు మూలలా పసుపు పెట్టనిదే గడప దాటించం. ఇన్నేళ్ళకి ఒక్క ఒప్పందం ఫలించబోతోందన్న సంతోషంలో, ఉపకులపతి సంతకం చేసిన ప్రతులకి నేనే తడి పసుపు పెట్టాను. ఆరిందో లేదో చూడకుండా కవరులో పెట్టి అంటించేశాను. వానాకాలం. లోపల అదంతా పాకి సంతకాన్నీ ముద్రనీ ముంచేసింది. కాగితాలు తిరిగొచ్చేశాయి. నెలాఖరులోగా కొత్తవి పంపకపోతే ఈ ఏడాదికి విద్యార్థిని తీసుకోలేమని రాశారు.

రిజిస్ట్రారు గారు మా ఇద్దరినీ పిలిపించి, "అంతర్జాతీయ ఒప్పందానికి పసుపు రాసిన మేధావి ఎవరు?" అని గర్జించారు. నేను నోరు తెరిచేలోగా మాస్టారు తాపీగా, "నానేనండి. మా ఇంట్లో అలవాటు" అనేశారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. బయటికొచ్చాక, "నీకైతే సస్పెన్సను, నాకైతే తిట్లు. పద, పిల్ల ఎల్లే దారి సూద్దాం" అన్నారు.

ఉపకులపతి హైదరాబాదులో ఉన్నారు. ఆ సాయంత్రమే మాస్టారు జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళారు. అతిథిగృహం బయట రెండు రోజులు కాపు కాసి సంతకం చేయించి, అక్కణ్ణుంచే పంపారు. ఎర్రమ్మ వెళ్ళింది. మంచు ఒడ్డున గాజు సీసా పట్టుకుని నిలబడిన ఫోటో పంపితే, క్యాంటీన్ వాళ్ళని కూడా వదలకుండా అందరికీ చూపించారు.

మాస్టారికి మాత్రం మెమో వచ్చింది. డైరెక్టరు పదవి పోయింది. ప్రారంభోత్సవానికి ఆయన బదులు రిజిస్ట్రారు గారు నార్వే వెళ్ళొచ్చారు. ఆ గదిలో కూర్చుని నేను ఏడుస్తుంటే, "ఒసే పైడమ్మా, సేటెడు తవుడుకి కొన్న పేనం నాది. నాకేటి నట్టం? పిల్ల ఎల్లిందా, నేదా?" అన్నారు. వెళ్ళిందన్నాను. "మరింకేటి!"

మొన్న సంతాప సభలో రిజిస్ట్రారు గారు, నాయుడు గారు ఎంతటి అమాయకులంటే అంటూ ఆ పసుపు కథ చెప్పారు. సభంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న ఎర్రమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, "మాస్టారికి ఆ పసుపు పిచ్చేటో మేడం" అంది. అప్పుడైనా లేచి చెప్పవచ్చు. లేవలేదు. అలవాటైపోయింది కాబోలు.

పదో రోజున గరివిడి వెళ్తే ఆయన భార్య పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టి, "దీన్ని ఏటి సెయ్యాలమ్మా?" అని అడిగింది. పేజీలన్నీ తిప్పాను. ఒక్క ముద్రా లేదు. దాచండమ్మా అని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాను.

నిన్న సోమవారం. ఆ గదిలో అల్మరా తెరిచి కూర్చున్నాను. ఒప్పందాలన్నీ ఉన్నాయి, ఉత్తరం రాసే మనిషే లేరు. ఆయన తరవాత డైరెక్టర్లు మారుతూనే ఉన్నారు, శాలువాలూ ఫోటోలూ మామూలే. జవాబు రాని చోటికి మళ్ళీ మళ్ళీ రాసే అటువంటి మనిషిని ఇక చూడను.

మాస్టారికి నమస్కరించే ముందు నేను ఒక మాట చెప్పాలి. ఎర్రమ్మా, నువ్వు ముఖ్యంగా విను. ఆ పసుపు పెట్టింది మాస్టారు కాదు, నేను. రిజిస్ట్రారు గారు ఇది చదివి మెమో ఇస్తే, సంతకం పెట్టి పుచ్చుకుంటాను.