పన్నెండు అంగుళాల లోపు

పోయిన నెల చెన్నైలో ఒక బడి హాలులో ముప్పై ఏళ్ళ కుర్రవాడొకడు నాతో యుద్ధం చేశాడు. మాది బల్ల మీద యుద్ధం. వేలెడంత కూడా లేని బొమ్మ సైనికులను వరసలు తీర్చి, ఏనాడో జరిగిపోయిన యుద్ధాన్ని పాచికలతోనూ కొలతలతోనూ మళ్ళీ నడిపించే ఆట. ఏడాదికి రెండుసార్లు నెల్లూరులో రైలెక్కి, ఒక చేతిలో సైన్యం పెట్టె, ఇంకో చేతిలో పెరుగన్నం క్యారేజీ పట్టుకుని వెళ్తాను. అక్కడి పిల్లలందరూ నన్ను ఆంటీ అని పిలుస్తారు, పిలిచి మర్యాదగా నా ఏనుగులను చంపుతారు. ఈసారి ఈ కుర్రవాడు నా గుర్రాలు అతని కాల్బలానికి ఎంత దూరంలో ఉన్నాయో చూడటానికి జేబులోంచి పెన్నులాంటిదొకటి తీసి నొక్కాడు. ఎర్రటి వెలుగు చుక్క వెళ్ళి అతని సైనికుడి డాలు మీద నిలిచింది, పెన్ను వీపున అంకె పడింది. "టేపుతో పని లేదాంటీ. దీంట్లో ఎవరూ వేలు పెట్టలేరు," అని నవ్వాడు. వాడు మాటవరసకే అన్నాడు. నాకు మాత్రం అన్ని ఫ్యాన్ల కిందా చెమట పట్టింది. ఆ ఆట ఓడిపోయి, రైల్లో గూడూరు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గూడూరు మా పుట్టిల్లు. అక్కడి బజారులో మా నాన్నది గుడ్డల కొట్టు, మా చిన్నాన్నది చెప్పుల కొట్టు, మేనమామది పాత్రల కొట్టు. మా ఇళ్ళలో పిల్లలకు నడక కంటే ముందు బేరం వచ్చేది. అన్నం తినమంటే, తింటే ఏమిస్తావని అడిగిన పిల్లనట నేను. అయిదో తరగతికే మీటరు బద్ద నా చేతికొచ్చింది. బద్ద పట్టడంలో ఒక కళ ఉంది. గుడ్డ అంచును బద్ద మొదట్లో కాకుండా వేలెడు ఇవతలకు పెట్టి, ఆ ఖాళీని బొటనవేలితో కప్పాలి. కొనేవాళ్ళ కళ్ళకు అది నిండు మీటరు. దర్జీ దగ్గరికి వెళ్ళాకే వేలెడు తక్కువని తెలుస్తుంది, అప్పుడు వాళ్ళు దర్జీనే తిడతారు. మా నాన్న ఈ విద్య నాకు నేర్పలేదు. నేను చూస్తుంటే దాచలేదు, అంతే.

అలాంటి ఇంటి నుంచి విడవలూరులో వరిపొలాల వాళ్ళింటికి కోడలిగా వచ్చాను. మా ఆయనకు ఒక అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. కాలవల శాఖలో పటాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేను కాపురానికొచ్చిన వారంలోనే, చుట్టాలందరూ వరండాలో కూర్చుని ఉండగా, నా మీద మొదటి రాయి వేశారు. "గజాలు కొలిచే ఇంటి నుంచి వచ్చినావు. మా ఇంట్లో కొలిచేదానికి ఏముందమ్మా, ఎకరాలు తప్ప?" అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వి ఆ మాటను చీర మడతలో పెట్టినట్టు జాగ్రత్తగా పెట్టుకున్నాను.

బావగారు అంతటివారే మరి. కొలిచే సామాను ఏదీ ఆయనకు అక్కర్లేదు. కన్ను చాలు. రొయ్యల గుంటలు తవ్వించే రైతులు, కట్ట ఎంత పొడవు వస్తుందో చెప్పమని ఆయన్ను మోటారుసైకిలు మీద ఎక్కించుకుని వెళ్ళేవారు. గట్టు మీద నిలబడి, కళ్ళు చిట్లించి, ఒక అంకె చెప్పేవారు. తర్వాత గొలుసు పెట్టి కొలిస్తే జానెడు కూడా తేడా వచ్చేది కాదు. ఊళ్ళో ఆయనకున్న విలువంతా ఆ కంటిదే. సాయంత్రం వరండాలో కూర్చుని, రోడ్డు మీద వచ్చే బస్సు ఎన్ని గజాల దూరంలో ఉందో తనలో తాను చెప్పుకునేవారు, కొందరు జపం చేసుకున్నట్టు.

రోడ్డు వైపున్న ముందు గది ఆయన వాటా. ఆ గది నిండా ఒక పెద్ద బల్ల, బల్ల మీద పాలేటి ఒడ్డు. పశువుల బీళ్ళ కోసం నెల్లూరు రాజు సైన్యానికీ గొల్లల మందలకూ జరిగిందని చెప్పే పాత యుద్ధం అది. జువ్వలదిన్నె నుంచి వలలకు కట్టే సీసం గుండ్లు తెప్పించి, కరిగించి, తానే చెక్కిన అచ్చుల్లో పోసి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కరికీ రంగులు వేశారు. గుర్రపు రౌతుకు కనుబొమలుండేవి. ఆవులకు గంగడోళ్ళుండేవి. ఇంగ్లీషు వాళ్ళ నియమాలు తెప్పించుకుని చదివి, వాటిని దిద్దుకుని, తన నియమాలు తెలుగులో ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఆడటానికి మనిషి దొరకలేదు. మా ఆయన పాచిక వేసి నిద్రపోయేవారు. చివరికి వంటింట్లోంచి నన్ను పిలిచారు.

నాలుగేళ్ళు ఆడాను, నాలుగేళ్ళూ ఓడాను. నాకెప్పుడూ గొల్లల పక్షమే. "నీ ఆవులు బాగా మేస్తన్నాయమ్మా, సైన్యమే కనపడలా," అనేవారు. ఆయన పెట్టిన నియమాల్లో రెండు చెప్పాలి. మొదటిది, గుర్రాలు ఒక దూకుడులో పన్నెండు అంగుళాలు పోతాయి. కానీ దూకుతున్నానని ముందు చెప్పాలి, ఆ తర్వాతే కొలవాలి. కంటి అంచనా తప్పి దూరం ఎక్కువైతే గుర్రాలు సగంలో ఆగి రొప్పుతూ నిలబడతాయి, ఎదుటివాడు వచ్చి నరుక్కోవచ్చు. రెండోది ఓడినవాళ్ళకు. చచ్చిన బొమ్మలను ఒక్కొక్కటే పెట్టెలో పెడుతూ, వాడు ఎవరి తప్పు వల్ల చచ్చాడో పైకి చెప్పాలి. "ఎవరి తప్పమ్మా?" "నాదే బావగారూ." "ఈ ముసలి గొల్లది?" "అదీ నాదే." వంట చెయ్యాల్సిన వేళకు నేను పాతికమంది శవాలకు క్షమాపణ చెప్పుకుని లేచేదాన్ని. చెప్పనిదే లేవనిచ్చేవారు కాదు.

నాలుగో ఏడు ఆయనకు షుగరు కళ్ళకెక్కింది. బొమ్మలు కనిపించేవి, వాటి మధ్య ఎడం కనిపించేది, టేపు మీద అంకె మాత్రం కనిపించేది కాదు. అందుకని ఇద్దరి తరఫునా నేనే కొలిచేదాన్ని. ఇక్కడ మా ఇంటి మర్యాద ఒకటి చెబుతాను. బావగారి చేతికి మరదలి చెయ్యి తగలకూడదు. ఆయనకు కాఫీ ఇవ్వాలన్నా గ్లాసు గట్టు మీద పెట్టాలి, ఆయన తీసుకోవాలి. పాచికలైనా అంతే. నా చేతిలో టేపు ఉన్నంతసేపూ ఆయన చెయ్యి అక్కడికి రాదు.

ఆ రోజుల్లో నాకు కొట్టు పిచ్చి పట్టింది. రోడ్డు వైపు గదిలో జాకెట్టు ముక్కలు, చీరలు పెట్టుకుని కూర్చోవాలని. ఆ గది ఆయనది. అడిగితే, "సైన్యం లేస్తే లంగాలొస్తాయా ఈడికి?" అన్నారు. ఒక ఆదివారం టిఫిన్లయ్యాక, ఊరికే ఎందుకు బావగారూ, ఏదన్నా పెట్టి ఆడదాం అన్నాను. మా ఆయన పేపరు చదువుతూ అక్కడే ఉన్నారు.

"ఏం పెడతావు?"

"ఓడితే బతికినన్నాళ్ళు కొట్టు మాట ఎత్తను. గెలిస్తే గది నాది."

ఆయన మా ఆయన వైపు తిరిగారు. "ఒరే, నీ పెళ్ళాం బేరం పెడతన్నాది, సాక్షి నువ్వే." తర్వాత నాతో, "నాలుగేళ్ళలో గెలిచినావా ఒక్కసారన్నా? పెట్టుకో. ఆ మాట వినే పీడన్నా వదులుతుంది."

అనుకుని చేసింది కాదు, ఆ క్షణంలో వేలు దానంతటదే జరిగిందని రాయాలని ఉంది. రాసి కొట్టేశాను. ముందు రోజే వంటింటి గట్టు మీద టేపు పరిచి చూసుకున్నాను.

రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరిగే చప్పుడు, తూర్పు గాలి. ఆయన గుర్రాలను ఏటి మలుపు దాకా తెచ్చి ఆపారు. "దూకుతున్నాయి. పదకొండుంబావు ఉంటది." టేపు మొదలును రౌతు కాళ్ళ దగ్గర కాకుండా అంగుళం వెనక్కు పెట్టి బొటనవేలితో కప్పాను. ఎడం సరిగ్గా పదకొండుంబావే. ఆ అంకె చూసి నాకు భయం వేసింది, ఆ కళ్ళతో ఎట్లా చెప్పారా అని. "పన్నెండుంబావు, బావగారూ," అన్నాను. గుర్రాలు సగంలో ఆగాయి. నా గొల్లలు వచ్చి పదిమందిని పడేశారు. ఆయన రెండోసారి చాలాసేపు చూసి, "పదకొండున్నర," అన్నారు. "పన్నెండున్నర." ఇంకో పది. మూడోసారి వంగి, గడ్డం బల్లకు ఆనించి చూశారు. "ఇది పదకొండు కూడా లేదు. ఇది నాకు తెలుసు." నిజమే, పదింబావు ఉంది. బొటనవేలు చాల్లేదు, రెండంగుళాలు వెనక్కు జరిపి అరచెయ్యి అడ్డం పెట్టాను. "పన్నెండుంబావు."

ఆయన చెయ్యి టేపు వైపు వచ్చింది. నా చేతికి రెండు వేళ్ళ ఎడంలో ఆగింది. అట్లాగే గాలిలో ఉండి, వెనక్కు వెళ్ళిపోయింది. "నువ్వు చెప్పినావు గదా. సరే," అన్నారు. మిగిలిన పది గుర్రాలూ పడ్డాయి.

"అన్నా, ఓడిపోయినావా?" అని మా ఆయన పేపరు దించి పకపకా నవ్వారు. ఆయన పెట్టె దగ్గరికి లాక్కుని, చచ్చిన గుర్రాలను ఏరడం మొదలుపెట్టారు. ఎవరూ అడగలేదు, తనే చెప్పుకున్నారు. "నా కన్ను తప్పు." ఇంకొకటి తీశారు. "నా కన్ను తప్పు." ముప్పై గుర్రాలు. పదో గుర్రానికి మా ఆయన నవ్వు ఆగిపోయింది. ఇరవయ్యో దానికి, "చాల్లే అన్నా," అన్నారు. ఆయన ఆపలేదు. నేను ఏం చేస్తున్నానో చెప్పనా? ఎదురుగా గోడ చూస్తున్నాను, అరలు ఎన్ని వస్తాయా అని.

మర్నాడు బల్ల లేచింది, సైన్యం ఇనప్పెట్టెలోకి పోయింది. ఆయన మాటంటే మాటే. నాకు తెలియనిది ఒకటే, ఆయన గదితో ఆగరని. తర్వాతి వారం రైతు ఒకరు మోటారుసైకిలు వేసుకుని వస్తే గుమ్మంలోంచే, "నా కన్ను పోయింది నాయనా, గొలుసు పెట్టి కొలిపించుకోండి," అని పంపేశారు. తర్వాత ఇంకెవరూ రాలేదు. అడ్డంగా బస్సొస్తే ఎంత దూరంలో ఉందో తెలియదని రోడ్డు దాటడం మానేశారు. వరండాలో అంకెలు చెప్పుకోవడం మానేశారు. చూపు పూర్తిగా పోవడానికి ఆ తర్వాత మూడేళ్ళు పట్టింది, ఆ మూడేళ్ళూ కనిపించే దాన్ని కూడా ఆయన నమ్మలేదు. నా కొట్టు రెండేళ్ళు నడిచింది. ఆడవాళ్ళు వచ్చి, చీరలన్నీ విప్పించి, బాగున్నాయని చెప్పి, నెల్లూరు వెళ్ళి కొనుక్కునేవారు. ఇప్పుడా గదిలో రొయ్యల మేత బస్తాలున్నాయి.

ఆయన ఆట మానేశాక ఆడుకోవడానికి మనిషి కావాలి కదా, అందుకే నాకు చెన్నై అలవాటైంది. పోయిన నెల అక్కడి నుంచి దిగిన మర్నాడు పొద్దున, కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, పక్కనే నిలబడి చెప్పేశాను.

"బావగారూ, ఆ ఆదివారం మీరు చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. పదకొండుంబావు, పదకొండున్నర, మూడోది పదకొండు కూడా లేదు, పదింబావే. టేపు వెనక్కి పెట్టి పట్టుకున్నా నేను. గది కోసం."

ఆయన గ్లాసు కోసం తడుముతున్న చెయ్యి ఆపారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు విని తొమ్మిదేళ్ళైంది.

"తమ్ముడు చెప్పమన్నాడా?"

"ఎవరూ చెప్పమన్లా. నిజం."

"ఎంత బాగా చెప్తన్నావమ్మా, అంకెలతో సహా." కాఫీ తీసుకుని ఒక గుక్క తాగారు. "కొట్టు పిల్లవి, ఊరికే ఏదీ ఇచ్చేదానివి కాదు. ఇయ్యాల నాకు ఇస్తన్నావంటే నా పని అయిపోయినట్టే. డాక్టరు ఏమన్నా చెప్పినాడా?"

మా ఆయన మీద ఒట్టు వేశాను. "వాణ్ణెందుకు మధ్యలోకి లాగుతావు," అన్నారు. ఇనప్పెట్టె ఈడ్చుకొచ్చాను, టేపు తెచ్చాను, ఎట్లా పట్టుకున్నానో చూపిస్తానన్నాను. చూపించి ఏం చెయ్యను, ఆయన చూడలేరు. రుజువు చెయ్యగల ఒక్క కన్ను ఇంట్లో ఆయనదే, దాన్ని నేనే అబద్ధమని తేల్చేశాను. "పోనీలే అమ్మా. నువ్వు బాగా ఆడినావు," అని ఆయనే నన్ను ఓదార్చారు.

పుట్టి బుద్ధెరిగాక నేను ఏ సరుకునూ ఊరికే ఇస్తానని వెంటపడలేదు. ఇదొక్కటి ఇస్తే ఆయన తీసుకోలేదు. ఆ ఆదివారమే చెప్పి ఉంటే అది దొంగతనమయ్యేది, నన్ను నానా తిట్లూ తిట్టి గుర్రాలను మళ్ళీ బల్ల ఎక్కించేవారు. తొమ్మిదేళ్ళు ఆగి చెప్పేసరికి, అదే మాట గుడ్డి ముసలాయనకు మరదలు చేసే మర్యాదైపోయింది.