నాయనమ్మ నానబోసిన వడ్లు

నా చిన్నప్పుడు, వానలు బాగా ఆలస్యమైన ఒక ఏడాది, మా నాయనమ్మ విత్తనపు వడ్లు మూట కట్టి పడుకుని మర్నాడు లేవలేదు. లేపడానికి పోయి చెయ్యి పట్టుకున్నది నేనే. చల్లగా తగిలింది.

బోధన్ దగ్గర మా ఊళ్లో ఎటు చూసినా చెరుకే. మాకు మాత్రం కాలువ కింద ఒక్క వరిమడి. విత్తనం పని నాయనమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. కోడిగుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, వడ్లు పోసి, పైకి తేలిన తాలు తీసేసేది. అడుగున మిగిలినవి బాగా కడిగి, ఆవు మూత్రం కలిపిన నీళ్లలో నానబెట్టి, గోనెసంచిలో కట్టి గడ్డి కప్పేది. ఆ వేడికి మొలక వస్తుంది. విప్పి నీళ్లు చల్లకపోతే ఆ వేడికే కుళ్లిపోతుంది.

దహనం అయ్యాక మూట సంగతి అమ్మ ఎత్తింది. మైల ఇంట్లో విత్తనం ముట్టొద్దని బాపు అన్నాడు. ఇంట్లో వేరే విత్తనం లేదని ఆయనకు తెలియక కాదు.

పక్కింటి అక్క బీడీలు చుట్టేది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆ రోజు మా వాకిట్లో నిలబడి, "అన్నా, మైల మీకు. గింజలకేం తెల్వదు. గివి కుళ్లినయంటే అవ్వ మల్లొక్కసారి సచ్చినట్టే" అంది. మూట తన ఇంటికి మోసుకుపోయి విప్పింది. వెనకే పోయిన నన్ను చూసి, "చిన్నపిల్లకేం మైల, చెయ్యి వెట్టు బిడ్డా" అంది. లోపల వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

బాపు అస్థికలు గోదావరిలో కలపడానికి కందకుర్తి పోయిన రోజే, అక్క మా మడిలోకి దిగి మొలకలు చల్లింది. బాపు తిరిగొచ్చి గట్టు మీద కూర్చుని, మొలకల మీద వాలే పిట్టలను తోలాడు.

ఇప్పుడు విత్తనం మందు పట్టించి ప్యాకెట్లలో వస్తోంది. నాకు ఓదార్పు మాటలు ఇప్పటికీ చేతకావు. చావు జరిగిన ఇంటికి పోతే, పోయినవాళ్లు సగంలో వదిలిన పని ఏముందో వెతుకుతాను.

మొన్న ఆ అక్క పోయింది. అందరూ శవం దగ్గర ఉన్నారు. మూలన చాటలో ఆమె తడిపి పెట్టుకున్న బీడీ ఆకు ఎండిపోతోంది. నాకు సరిగా చుట్టడం రాదు. అయినా కూర్చుని, ఆ ఆకు అయిపోయేదాకా చుట్టాను.