తొట్టి పక్కన మళ్ళీగారు

మళ్ళీగారికి భాషలో ఉన్న మాటలన్నిటిలోకీ ఒక్కటే ప్రాణం: "మళ్ళీ!"

నీళ్ళలో మునిగి లేచి, ముక్కు తుడుచుకుంటూ, అమ్మయ్య అయిపోయింది అని ఊపిరి పీల్చుకుంటున్న మనిషి ముఖాన ఆ మాట కొట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. అసలు పేరు చొక్కా జేబుమీద నల్లబిళ్ళపై తెల్లక్షరాలతో ఉండేది. దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. వయసు ఇరవై, చాదస్తం అరవై.

మోర్మన్లనే క్రైస్తవశాఖవారి మిషనరీలు పరాయిదేశంలో జంటలుగా తిరుగుతారు. ఒకరు లేకుండా ఇంకొకరు వీధి మలుపు కూడా దాటరు. అలా మళ్ళీగారితో ముడిపడిన కుర్రాణ్ణి అందరూ జూనియర్ అనేవారు. ముంచే పని జూనియర్‌ది, చూసే పని మళ్ళీగారిది. ఈ రెండో పని లేకపోతే తన జీవితం ఎంత హాయిగా ఉండేదోనని జూనియర్ పొద్దునా సాయంత్రమూ అనుకునేవాడు.

వాళ్ళ పద్ధతిలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు. తెల్లబట్టలు వేసుకున్న మనిషిని వెనక్కి వాల్చి, నిలువెల్లా తొట్టి నీళ్ళలో ముంచి లేపాలి. చెరో పక్కా ఒక్కో సాక్షి నిలబడి చూడాలి. కాలివేలు గానీ, జుట్టు కొస గానీ, బట్ట అంచు గానీ నీటిపైన కనబడిందా, ప్రార్థన దగ్గర్నుంచి మొత్తం తిరిగి చెయ్యాల్సిందే. మామూలు సాక్షులు మామూలుగా చూస్తారు. మళ్ళీగారు నేలమీద బోర్లా పడుకుని, చెంప తొట్టి గట్టుకి ఆనించి, ఒక కన్ను మూసి, నీటిమట్టం వెంబడి గురి చూసేవారు.

బాప్తిస్మానికొచ్చిన ఒక బస్సు డ్రైవరు భారీ మనిషి. మునిగీ మునగ్గానే ఆయన బట్టల్లో గాలి చేరి పొట్టమీద దిండులా తేలింది. "మళ్ళీ!" రెండోసారి మోచెయ్యి. "మళ్ళీ!" మూడోసారి చిటికెన వేలు.

"బాబూ," అన్నాడు డ్రైవరు రొప్పుతూ, "లైసెన్సు పరీక్షలో కూడా నన్నిన్నిసార్లు తిప్పి పంపలేదు."

"ఇది అంతకంటే దూరప్రయాణం కదండీ," అన్నారు మళ్ళీగారు, గట్టుమీంచి చెంప ఎత్తకుండానే.

ఆ తర్వాత వచ్చిన నర్సుకి మోకాళ్ళదాకా జడ. ఆవిడ మునిగింది, జడ మునగలేదు. తొట్టి పక్కనున్న అత్తగారికి చిర్రెత్తుకొచ్చింది.

"ఏం నాయనా, మా కోడలి జడ విడిగా ఏమైనా పాపం చేసిందా?"

"జడ కూడా ఆవిడదే కదండీ, పిన్నిగారూ."

"అయితే బాగా ముంచు. అది నా మాట ఎప్పుడూ వినలేదు."

ఇంట్లో కూడా ఇదే గోల. గిన్నెలు కడుగుతుంటే, "ఆ అంచు తడవలేదు, మళ్ళీ." పాలల్లో బిస్కెట్ ముంచితే, "మూల తేలుతోంది, మళ్ళీ." రెండోసారి ముంచేసరికి బిస్కెట్ విరిగి అడుక్కి పోయేది. జూనియర్ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు.

"మహానుభావా, నిన్ను ముంచినప్పుడు సాక్షి ఎవరు?"

"మా తాతయ్య."

"ఆయనకి చూపు బానే ఉండేదా?"

"నాకంటే బాగా," అనేవారు మళ్ళీగారు గర్వంగా.

ఇలాంటి మనిషి ముందుకి బూట్ల మేస్త్రి వచ్చాడు.

మిషనరీలు రోజంతా నడుస్తారు కాబట్టి వాళ్ళ బూట్ల అడుగులు బిస్కెట్లకంటే త్వరగా అరుగుతాయి. అలా ఏర్పడిన పరిచయం. సందులో చిన్న దుకాణం, గోడనిండా చెక్క పాదాల అచ్చులు, మైనం పూసిన దారం వాసన. మేస్త్రి నోట్లో మేకులు పెట్టుకుని ప్రశ్నలడిగేవాడు, మేకులు తీసి జవాబులు వినేవాడు. వినీ వినీ, ఒకరోజు సుత్తి పక్కన పెట్టి, "నేనూ దిగుతా మీ నీళ్ళలో," అన్నాడు.

జూనియర్ ఎగిరి గంతేశాడు. మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు.

"ఉండు బాబూ. నా ఎడమకాలు చూశావా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతికిన కాలు, వంగని మోకాలు, లోపలికి ముడుచుకుపోయిన పాదం. దాన్ని దాచడానికే ఆయన ఈ పని నేర్చుకున్నాడు. ఎత్తు మడమతో, లోపల దూది కూరి తనకి తాను కుట్టుకున్న బూటు చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

"పెళ్ళయిన ఏడాదికి గానీ నాకే చూపించలేదు," అంది ఆయన భార్య, బూటుకి పాలిష్ రుద్దుతూ. "అదీ కరెంటు పోయినప్పుడు."

"నువ్వుండవే," అన్నాడు మేస్త్రి. తర్వాత జూనియర్ వైపు తిరిగాడు. "చెప్పుల్లేకుండా నలుగురిలోకి రావడమే నాకు చావు. వస్తా. ఒక్కసారి మునుగుతా. మీవాడి నోటెంట ఆ మాట వినబడిందో, మెట్లెక్కి ఇంటికెళ్ళిపోతా. ఇంక ఆ గుమ్మం తొక్కను. తర్వాత నన్నేమీ అనొద్దు."

తిరిగొచ్చే దారంతా జూనియర్ లెక్కలు కట్టాడు. ముంచేటప్పుడు మనిషి మోకాళ్ళు వంచితే పాదాలు అడుగునే ఉంటాయి. మోకాలు వంగకపోతే ఇటు తల దిగేకొద్దీ అటు పాదం లేస్తుంది, త్రాసులో రెండో తట్టలాగా. ఎంత జాగ్రత్తగా ముంచినా తేలక తప్పదు. తేలితే ఆ మాట తప్పదు.

"ఈ ఒక్కసారికీ నువ్వు సాక్షిగా నిలబడకు," అన్నాడు.

"నేను కాకపోతే ఎవరు?"

"పోనీ కళ్ళు మూసుకో."

"కళ్ళు మూసుకునే సాక్షికీ గోడకీ తేడా ఏముంది?"

"ఆయన వెళ్ళిపోతాడు, అర్థమవుతోందా? జన్మలో రాడు!"

మళ్ళీగారు తన బూట్లకేసి చూసుకుంటూ నడిచారు. అవి కొత్తవి. ఆ వారమే మేస్త్రి స్వయంగా కుట్టి, డబ్బు తీసుకోకుండా చేతిలో పెట్టిన బూట్లు.

ఆదివారం వచ్చింది. ఒకప్పుడు మంచాలూ బీరువాలూ అమ్మిన షోరూం అంతస్తే వాళ్ళ చర్చి. మూల నాలుగు మెట్లు దిగితే నడుములోతు తొట్టి. కుర్చీలన్నీ నిండిపోయాయి. అటువైపు సాక్షి బస్సు డ్రైవరు, ఇటువైపు మళ్ళీగారు. జూనియర్ తెల్లబట్టల్లో అప్పటికే నీళ్ళలో వణుకుతున్నాడు. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి.

మేస్త్రి పాదానికి తువ్వాలు చుట్టుకుని పైమెట్టు దాకా కుంటుతూ వచ్చి కూర్చున్నాడు. తువ్వాలు తియ్యాలి. తియ్యలేకపోయాడు. చూడకూడదనుకున్నవాళ్ళు కూడా అటే చూస్తున్నారు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మెల్లిగా మెట్ల పక్కన కమ్మీ పట్టుకుంది, లేచి వెనక్కి పోవడానికి.

అప్పుడు మళ్ళీగారు నడుచుకుంటూ వెళ్ళి తొట్టిలోకి దిగారు. టైతో. పేరుబిళ్ళతో. కొత్త బూట్లతో.

టప్, టప్, టప్, టప్. నాలుగు మెట్లూ దిగి, తొట్టి మధ్యన, షోరూం బొమ్మలాగా నిలబడ్డారు.

"జోళ్ళు!" అని కేక వేశాడు మేస్త్రి. "నీ మొహం మండ! కొత్త తోలుని నీళ్ళలో పెడతావురా? అతుకు విడిపోతుంది! బైటికి రా!"

"రానండీ."

"రాకపోవడమేమిట్రా? నేను కళ్ళు పోగొట్టుకుని కుట్టాను! రా!"

"మీరే వచ్చి తీసుకెళ్ళండి."

మేస్త్రి వచ్చాడు. తువ్వాలు ఎక్కడ పడిందో ఆయనకి తెలీదు. పాదం ఎవరు చూశారో తెలీదు. నిజానికి ఎవరూ చూడలేదు. హాలంతా మళ్ళీగారి బూట్లకేసి చూస్తూ పగలబడి నవ్వుతోంది. మేస్త్రి గబగబా మెట్లు దిగి, నీళ్ళలో ఆయన కాలరు పట్టుకుని, రెండు ఊపులు ఊపి, ఒక్కసారిగా ఆగిపోయాడు. నడుములోతు నీళ్ళలో ఉన్నాడు తను. చుట్టూ చూశాడు. కాలరు వదిలేశాడు. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత మనిషంతా నవ్వాడు.

"ఇప్పుడు," అన్నారు మళ్ళీగారు జూనియర్‌తో, మెల్లిగా.

జూనియర్ ప్రార్థన మాటలు చెప్పాడు. వెనక్కి వాల్చాడు. అనుకున్నంతా అయింది, పాదం పైకి లేవడం మొదలెట్టింది. అంతలో మళ్ళీగారు బుడుంగున మునిగి, అడుగున కూర్చుని, ఆ వంకర పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. పట్టి లాగలేదు, నొక్కలేదు. పక్షిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నీటిపైన ఏమీ మిగల్లేదు.

మేస్త్రి లేచాడు. ఆ పక్కనే టై చెవిమీద వేలాడుతూ మళ్ళీగారూ లేచారు.

"వేలు తేలలేదు. నేను దగ్గరుండి చూశాను."

"నాకు మీ బుడగలు తప్ప ఏమీ కనబళ్ళేదు బాబూ," అన్నాడు డ్రైవరు అటువైపు నుంచి. "అయింది."

మెట్లెక్కుతుంటే జూనియర్ మళ్ళీగారి చెవిలో అడిగాడు. "ఒక్కసారితో వదిలేశావేం? మిగతా అందర్నీ చంపుకు తిన్నావుగా?"

"మొదటిసారి అందరూ కళ్ళు బిగించుకుని లేస్తారు. వాళ్ళకి భయం తప్ప ఏమీ గుర్తుండదు. రెండోసారికి భయం తీరి కళ్ళు తెరుచుకుని లేస్తారు. అందుకే అంత గట్టిగా వెతుకుతాను. వెతికితే ఎవరికైనా ఏదో ఒక వేలు దొరుకుతుంది. మేస్త్రి బాబాయ్‌కి రెండోసారి లేదు కదా, భయం ముందే తీరాలి." ముక్కులోంచి నీళ్ళు చీదారు మళ్ళీగారు. "నువ్వెప్పుడూ వాళ్ళ ముఖం చూడవు. నీ చేతులే చూసుకుంటావు."

జూనియర్ తలెత్తి చూశాడు. ఎందర్ని ముంచాడో, ఒక్క ముఖమూ చూడలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. పైమెట్టుమీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు, నెత్తిమీంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి. అంత వెలుగున్న ముఖాన్ని అంత దగ్గరగా చూడటానికి జూనియర్‌కి ఎక్కడలేని బెరుకూ వచ్చింది.

మేస్త్రికి మాత్రం ఆ వెలుగు గొడవేమీ పట్టలేదు. "ఇటు తే, కాలిటు తే," అంటూ మళ్ళీగారి కాలు తన ఒళ్ళో పెట్టుకుని బూటు లాగుతున్నాడు. "పాటలూ గీటలూ తర్వాత. ఎవరి దగ్గరైనా పాత పేపరుందా? ఎండలో పెట్టావో, చంపేస్తా. నీడలోనే ఆరాలి."

ఎడంకాలు చాపుకుని, నలుగురి మధ్యా, వెలుతురులో కూర్చుని ఉన్నాడు. భార్య కిందపడ్డ తువ్వాలు అందుకుని గబగబా ఆయన పాదం దగ్గరికి వచ్చింది. వంగింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత నిటారుగా లేచి, ఆ తువ్వాలుతో మళ్ళీగారి తల తుడవడం మొదలుపెట్టింది, చెవుల వెనకాల కూడా వదలకుండా.