చీటీ లేని డబ్బాలు

మా ఆయన పడవ ఇంజన్ల మెకానిక్. అందరూ ముక్కు మేస్త్రీ అంటారు. కారు ఆయిలూ, పడవ ఆయిలూ ఒకే రకం తెల్ల డబ్బాల్లో పోసి పెడతాడు. పేర్లు రాసి అంటించమని పాతికేళ్లుగా మొత్తుకుంటున్నాను. "నా ముక్కుండగా చీటీలెందుకే?" అంటాడు. డబ్బాలో వేలు ముంచి, ఆ జిడ్డు వేలు ముక్కు దగ్గర పెట్టుకోవడం చూస్తేనే నాకు రోత.

నిన్న మా తమ్ముడు పట్టేసిన పెట్రోలు పడవ ఇంజన్ మోసుకొచ్చాడు. విప్పితే లోపలంతా తుప్పు. ఆయన అడుగున మిగిలిన ఆయిల్ వాసన చూసి థూ అని ఉమ్మాడు.

"కారు ఆయిల్! ఉప్పునీళ్లలో తిరిగే ఇంజన్‌కి తుప్పు పట్టనివ్వని పడవ ఆయిలే పోయాలని ఎన్నిసార్లు చెప్పాలిరా? ఏ గాడిద పోశాడు?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "మీరే బావా. పోయిన వానల్లో, ఇక్కడే."

"వాసన చూడకుండా నేను పొయ్యను."

"చూశారు బావా. అప్పుడు మీకు జలుబు."

నాకు ఒళ్లు మండింది. "ఆ జలుబు ఎన్నాళ్లుంది మీకు?"

"రెండు వారాలు," అని గొణిగాడు.

షెడ్డు ముందు అప్పటికే ఇంకో రెండు ఇంజన్లు దింపుతున్నారు.